బుధవారం తాంబూలం

మా కుటుంబం పడిపోయిందని అనేవాళ్ళు ఉన్నారు. నేను ఆ మాట ఒప్పుకోను. మేం దిగాం. మేడ మెట్లు దిగినట్టు, వెన్ను నిటారుగా పెట్టుకుని, ఒక్కో మెట్టూ దిగాం. శ్రీకాకుళం వైపు మా తాతగారి కాలంలో ఇంట్లో పాటకచేరీలకని ప్రత్యేకంగా ఒక హాలు ఉండేదట. నేను పుట్టేసరికి ఆ హాలు లేదు. ఆ ఊళ్ళో మాదంటూ ఏదీ మిగల్లేదు. నాన్నగారు రాయపూర్ వచ్చి, భన్‌పురిలో ఒక లారీల కంపెనీలో గుమాస్తాగా చేరారు. ఆ దుమ్ములోకి కూడా ఇస్త్రీ చేసిన కండువా భుజాన వేసుకునే వెళ్ళేవారు. లారీ డ్రైవర్లు ఆయన్ని "రాజాసాబ్" అని పిలిచేవారు. వెక్కిరింతగానే మొదలుపెట్టి ఉంటారు. కానీ ఆయన ఆ పిలుపుకి ఎంత సహజంగా పలికేవారంటే, కొన్నాళ్ళకి అందులోంచి వెక్కిరింత ఎగిరిపోయి పిలుపే మిగిలింది.

మేం ఉండేది ఒక బాడాలో. అంటే మూడు వాటాలు, మధ్యన అందరికీ కలిపి ఒక వాకిలి, ఒక కుళాయి. ఒక వాటాలో ఇంటి యజమానురాలు ఉండేది. ఛత్తీస్‌గఢీ తప్ప ఇంకో భాష మాట్లాడని ముసలావిడ. అందరం ఆవిడని "దాయీ", అంటే అమ్మ, అనేవాళ్ళం. మా గోడ పక్క వాటాలో గోదావరి జిల్లా నుంచి వచ్చిన క్రైస్తవ దంపతులు. ఆయన గూడ్సు బండి గార్డు, ఆవిడ పెద్దాసుపత్రిలో నర్సు. నాకు అంకుల్, ఆంటీ. నాన్నగారికి మాత్రం గార్డుగారు, నర్సమ్మగారు.

నేను కాలేజీలో చేరిన ఏడాది వాళ్ళింటికి టీవీ వచ్చింది. చెక్క తలుపులున్న నలుపు తెలుపు పెట్టె. దాని ముందు మూడు రంగుల ప్లాస్టిక్ పలక ఒకటి తగిలించారు. పైన నీలం, మధ్యలో ఎరుపు, కింద పచ్చ. దాంతో తెరమీది మనుషులందరికీ జుట్టు నీలంగా, నడుము ఎర్రగా, పాదాలు పచ్చగా ఉండేవి. అంకుల్ మాత్రం "కలర్ టీవీయేనండి, సగం రేటుకి!" అని బాడా అంతా చెప్పుకున్నాడు.

బుధవారం రాత్రి అందులో సినిమా పాటలు వేసేవారు. అరగంట. వారం మొత్తానికి ఆ అరగంటే. ఇప్పుడు మీట నొక్కితే పాట ఊడిపడుతుంది కాబట్టి, ఆ అరగంట ఎలా ఉండేదో చెప్పినా అర్థం కావడం కష్టం. బుధవారం సాయంత్రానికి రాయపూర్ వీధులు ఖాళీ అయ్యేవి. పాన్ ఠేలా వాడు కూడా కొట్టు వదిలేసి ఎవరి కిటికీ దగ్గరో నిలబడేవాడు. గురువారం కాలేజీలో ఏ అమ్మాయి నోట విన్నా అవే పాటలు. హీరోయిన్ ఏ చీర కట్టుకుంది, ఏ కొండ మీద పరిగెత్తింది, వానలో తడిసినా కాటుక ఎందుకు చెదరలేదు. నేను మాత్రం పుస్తకంలో తల దూర్చుకుని కూర్చునేదాన్ని. నాకు పాటలన్నీ వచ్చు. గోడ అవతల నుంచి వినిపించేవి. బొమ్మ ఒక్కటీ తెలియదు.

ఎందుకు తెలియదంటే మా ఇంట్లో రెండు కట్టుబాట్లు ఉండేవి. మొదటిది, పిలవకుండా ఒకరి గడప తొక్కకూడదు. పెద్దవాళ్ళు కదలకుండా పిల్ల కదలకూడదు. రెండోది, పాటని ఊరికే వినకూడదు. విన్నాక పాడినవాళ్ళకి పళ్ళెంలో తాంబూలం పెట్టి ఇవ్వాలి. హాలు పోయింది, పాడేవాళ్ళు పోయారు కానీ ఈ కట్టుబాటు పోలేదు. వీధిలో ఎవరైనా పాడుతూ వస్తే, నాన్నగారు రెండు ఆకులూ ఒక వక్కా ఇచ్చేదాకా వాళ్ళని కదలనిచ్చేవారు కాదు.

"మరి ఈ గోడ పక్క పాటలకి ఎవరికిస్తారు తాంబూలం?" అని అమ్మ ఒకసారి అడిగింది.

"మనం వినడం లేదు," అన్నారు నాన్నగారు, విస్తట్లోంచి తలెత్తకుండా. "వినిపిస్తోంది."

ఆంటీ రోజూ పిలిచేది. కుళాయి దగ్గర అమ్మతో, "రండమ్మా, పాపని తీసుకుని రండి, చూద్దురుగాని" అనేది. కిటికీలోంచి కేకేసేది. నాన్నగారి లెక్కలో అవి పిలుపులు కావు. చివరికి నేనే ఆవిడకి ఆసుపత్రి దారిలో చెప్పాను, మా ఇంట్లో పిలుపంటే లోపలికి వచ్చి, కూర్చుని, మంచినీళ్ళు తాగి పిలవాలని.

ఆవిడ నడుస్తున్నది ఆగిపోయి నన్ను చూసింది. "అరే, టీవీ చూట్టానికా? మీ నాన్నగారికి కార్డు కొట్టించి ఇవ్వమంటావేంటే?"

అయినా వచ్చారు. ఆదివారం చర్చి నుంచి నేరుగా, ఇద్దరూ తెల్లబట్టల్లో. అంకుల్ మా కుర్చీలో సగమే కూర్చున్నాడు. మంచినీళ్ళు తాగాడు. గొంతు సవరించుకున్నాడు.

"అయ్యా, బాబుగారూ, వచ్చే బుధవారం మా ఇంట్లో పాటలండి. మీరు సకుటుంబంగా విచ్చేసి..." అని ఆగి, మిగతాది గుర్తురాక, ఆంటీ వైపు చూశాడు.

"వచ్చి కూర్చోవాలండి," అంది ఆంటీ.

"తప్పకుండా," అన్నారు నాన్నగారు.

ఆ బుధవారం నాకు బాగా గుర్తు. నాన్నగారు కొత్త కండువా వేసుకున్నారు. అమ్మ పట్టుచీర కట్టుకుంది. మాకు మిగిలిన ఒకే ఒక్క వెండి పళ్ళెం మీద చేతిరుమాలు కప్పి పట్టుకుంది. పక్క వాటాకి వెళ్ళడానికి మహా అయితే పది అడుగులుంటాయేమో, కల్యాణమంటపానికి వెళ్ళినట్టు వెళ్ళాం. దాయీ అప్పటికే నేలమీద కాళ్ళు చాపుకుని, వక్కలు నములుతూ కూర్చుని ఉంది. నాన్నగారికి కుర్చీ వేశారు. ఆయన వీపు ఆనించకుండా కూర్చున్నారు. పాట వింటూ వెనక్కి వాలడం పాడేవాళ్ళని అవమానించడమని ఆయన అనేవారు.

పాటలు మొదలయ్యాయి. నేను ఇంతకాలం గోడకి చెవి పెట్టి ఊహించుకున్న బొమ్మలకీ, అక్కడ కనిపించినవాటికీ ఎక్కడా పొంతన లేదు. నేను నది ఒడ్డు అనుకున్న పాట రెస్టారెంటులో జరుగుతోంది. ఏడుస్తూ పాడుతోందనుకున్న అమ్మాయి సైకిలు తొక్కుతోంది. నాకు ఆనందంతో ఊపిరాడలేదు.

నాన్నగారికి ఒక్కటే నచ్చలేదు. "ఈ పాడేది ఈ అమ్మాయి కాదు కదా?"

"కాదండి. పాడేది వేరే ఆవిడ. ఈవిడ ఉత్తినే మూతి కదుపుద్దండి," అన్నాడు అంకుల్.

"మరి పాడినావిడని కూర్చోబెట్టి చూపించకుండా, ఈ పరిగెత్తేవాళ్ళని చూపించడం ఏం మర్యాద?"

"కూర్చున్నావిణ్ణి ఎవరు చూస్తారండి బాబూ!"

నాన్నగారు వచ్చింది కూర్చుని పాడినవాళ్ళనే చూసిన ఇంటి నుంచి.

అరగంట అయిపోయింది. నాన్నగారు లేచి, అమ్మ చేతిలోంచి పళ్ళెం అందుకుని, రుమాలు తీసి అంకుల్ ముందు పట్టారు. తమలపాకులు, వక్కలు, రెండు అరటిపళ్ళు.

"పాట విన్నాం. పుచ్చుకోండి."

అంకుల్ మొహం మారిపోయింది. "ఇదేంటండీ? నేనేమైనా పాడేనా?"

"పాడినావిడకి చెయ్యి అందదు. ఎవరింట పాడిందో వారికి ఇవ్వాలి."

"అంటే టిక్కెట్టాండీ? మా ఇంటికొచ్చినోళ్ళ దగ్గర మేం టిక్కెట్టు తీసుకుంటామా? నై నై, తీసుకెళ్ళండి."

"ఇవ్వకుండా వెళ్ళే అలవాటు మాకు లేదు."

"పుచ్చుకునే అలవాటు మాకూ లేదండి!"

ఇద్దరూ నిలబడ్డారు. మధ్యలో పళ్ళెం. దాయీ చెయ్యి చాపి ఒక అరటిపండు తీసుకుని తినేసింది. దానివల్ల కూడా గొడవ తేలలేదు.

తరువాతి బుధవారం మేం ఇంట్లోనే ఉన్నాం. పాటలు మళ్ళీ గోడ అవతలకి వెళ్ళిపోయాయి. ఒకసారి బొమ్మలు చూశాక ఉత్త పాట వినడం ఎంత కష్టమో నాకు ఆ రాత్రి తెలిసింది. అన్నం కలుపుతూ, తినకుండా, గోడనే చూస్తూ కూర్చున్నాను. నాన్నగారు నన్ను చూశారు. తప్పు ఆయనది కాదని నేను ఇప్పటికీ అంటాను. ఆయన కట్టుబాటు తప్పలేరు, అంతే.

దారి ఆంటీయే కనిపెట్టింది. మర్నాడు కుళాయి దగ్గర బిందె నిండుతుంటే అమ్మని అడిగింది. "ఒక్క మాట చెప్పండమ్మా. మీ తాంబూలం పాడినోళ్ళకేగా?"

"పాడినవాళ్ళకే."

"మరి మా ఇంట్లో పాడేవాళ్ళు లేరనుకున్నారా? చర్చిలో మా ఆయన పైస్థాయి అందుకుంటే పాస్టరుగారు బైబిలు మూసేసి వింటారు. టీవీ అయిపోగానే ఒక పాట ఆయన పాడతారు. బాబుగారు ఆయనకే ఇస్తారు. బస్, కతం."

అంకుల్ మొదట మొండికేశాడట. కానీ పాడమంటే కాదనే గాయకుణ్ణి నేను ఇంతవరకూ చూడలేదు. ఆ బుధవారం నుంచి టీవీ తలుపులు మూసాక, ఆయన గార్డు టోపీ తీసి పక్కన పెట్టి, బల్లమీద కూర్చుని, కళ్ళు మూసుకుని ఒక తెలుగు కీర్తన పాడేవాడు. చర్చిలో పాడే కీర్తన. గూడ్సు బండిలో చివరి డబ్బా నుంచి ఇంజనుకి వినిపించాలన్నంత గొంతు. నాన్నగారు వెన్ను నిటారుగా పెట్టుకుని విని, అయ్యాక, "రెండో చరణంలో శ్రుతి పక్కకి పోయింది. కానీ మనసు పెట్టారు. భళా" అనేవారు. పళ్ళెం అందించేవారు. అంకుల్ నవ్వుతూ రెండు చేతులతో పుచ్చుకునేవాడు. దాయీ తన అరటిపండు తీసుకునేది. ఇలా ఎన్ని బుధవారాలు గడిచాయో చెప్పలేను. మా బాడాలో అంతకంటే మంచి రోజులు నాకు గుర్తులేవు.

ఆ వానాకాలంలో ఒక కొత్త సినిమా వచ్చింది. కాలేజీలో నేను తప్ప అందరూ చూసేశారు. అందులో మంచుకొండల పాట ఒకటి ఉందనీ, అలాంటిది ఇంతవరకూ ఎవరూ తియ్యలేదనీ, ఈ బుధవారం టీవీలో తప్పకుండా వస్తుందనీ అమ్మాయిలు తేల్చేశారు. మేం సినిమా హాలుకి వెళ్ళేవాళ్ళం కాదు. డబ్బు పెట్టినవాడు ముందు, పెట్టలేనివాడు వెనక కూర్చునే చోట మా ఇంటివాళ్ళు కూర్చోరు. కాబట్టి నాకు ఆ పాట చూసే దారి ఆ బుధవారం ఒక్కటే.

ఎప్పటిలాగే తయారై వెళ్ళాం. గుమ్మంలో ఆంటీ ఎదురొచ్చింది. ఒంటిమీద ఇంకా నర్సు చీరే ఉంది.

"ఆయన రాలేదండి. బండి బిలాస్‌పూర్ దాటాక ఎక్కడో లైన్లో ఆపేశారంట. మీరు రండి, ప్రోగ్రాం షురూ అయిపోద్ది."

నాన్నగారు గడప ఇవతలే ఆగారు. "అయితే ఇవాళ పాడేవారు లేరన్నమాట."

"టీవీ ఉందిగా అండీ."

"పుచ్చుకునేవారు?"

"నేను పుచ్చుకుంటాలెండి."

"మీరు పాడతారా అమ్మా?"

"నేను పాడితే వార్డులో పేషెంట్లు సెలైన్ బాటిల్ పట్టుకుని పారిపోతారండి."

నాన్నగారు నవ్వారు. కానీ కండువా సర్దుకుని వెనక్కి తిరిగారు. లోపల టీవీలో పాటలకి ముందు వచ్చే ప్రకటనలు వినిపిస్తున్నాయి. మా ఇంటి ఆడపిల్లలు గుమ్మాల్లో నిలబడి బతిమాలరు. నేనూ బతిమాలలేదు. మొహం మాత్రం నా మాట వినలేదనుకుంటాను. ఆంటీ నన్ను చూసింది, తరవాత నాన్నగారి వీపు వైపు చూసి అంది:

"అయితే ఇవాళ మీరు పాడండి. తాంబూలం మేం ఇస్తాం."

నాన్నగారు గిరుక్కున ఇటు తిరిగారు. మా ఇంట్లో పాడించుకున్నవాళ్ళే తప్ప పాడినవాళ్ళు లేరు. ఇచ్చే చెయ్యి పైన ఉంటుంది, పుచ్చుకునే చెయ్యి కింద ఉంటుంది. మా చెయ్యి ఎప్పుడూ పైనే. అన్నీ పోయాక మిగిలింది అదొక్కటే.

"మా వంశంలో..." అని మొదలుపెట్టారు.

"బాబుగారూ," అంది ఆంటీ మెల్లగా, "ఇన్ని వారాలు మా ఆయన మీ ముందు పాడి పుచ్చుకున్నారు. ఆయన పరువేమైనా తగ్గిందాండీ?"

నాన్నగారు ఆవిడ వైపు చూశారు. తరవాత నా వైపు చూశారు. చెప్పులు విడిచి లోపలికి వచ్చారు. తన కుర్చీలో కాకుండా, అంకుల్ పాడేటప్పుడు కూర్చునే బల్ల మీద కూర్చున్నారు.

"శ్రుతికి ఏమైనా ఉందా?"

ఆ ఇంట్లో తంబురా ఎక్కడుంటుంది? ఆయన చెవి ఒక్క క్షణం గదంతా వెతికింది. టీవీ కింద ఉన్న స్టెబిలైజర్ డబ్బా ఎప్పటిలాగే గుయ్యిమని ఒకే స్వరం మీద మోగుతోంది.

"ఇది చాలు. ఆ పెట్టె గొంతు తగ్గించండమ్మా. ఈ డబ్బాని ఉండనివ్వండి."

ఆంటీ టీవీ శబ్దం పూర్తిగా తగ్గించేసింది. బొమ్మ మాత్రం ఉంచింది, నా కోసమే అనుకుంటాను. నాన్నగారు స్టెబిలైజర్ శ్రుతికి గొంతు కలిపి, కళ్ళు మూసుకుని, పాతకాలపు కచేరీ పదం ఒకటి ఎత్తుకున్నారు. చిన్నప్పుడు ఆ హాలులో స్తంభం వెనక నిలబడి విన్న పదమట. ఆ సంగతి తరవాత అమ్మ చెప్పింది. ఆయన పాడగా నేను అంతవరకూ వినలేదు. గొంతు సన్నగా ఉంది, అంచుల్లో కొంచెం అరిగిపోయి ఉంది. నిదానంగా, తొందరేమీ లేదన్నట్టు, ఒక్కో మాటనీ నాలుగు వైపులనుంచీ తిప్పి చూపిస్తూ పాడారు. అలిగిన నాయిక ప్రియుణ్ణి ఎందుకు ఆలస్యమైందని అడుగుతుంది. ఎన్ని రకాలుగా అడిగినా అదే అడుగుతుంది.

అంతలో తెరమీద మంచుకొండలు కనిపించాయి. అదే పాట. నీలం జుట్టుతో, ఎర్ర నడుముతో, పచ్చ పాదాలతో ఆ అమ్మాయి మంచులో పరిగెత్తుకుంటూ వస్తోంది. చేతులు చాపుతోంది. పెదవులు కదులుతున్నాయి. వినిపించేది మాత్రం నాన్నగారి పదం. ఆ అమ్మాయి ఊళ్ళన్నీ దాటి పరిగెత్తి వచ్చి, ఎందుకు ఆలస్యమైందని నాన్నగారి గొంతుతో అడుగుతోంది. ఎదుట ఉన్న మీసాల కుర్రాడు సమాధానం చెప్పలేక కొండ ఎక్కేస్తున్నాడు.

దాయీ మోకాలు తట్టుకుంటూ, "అబ్బడ్ సుగ్ఘర్ గాథవ్ బాబూ!" అంది. చాలా బాగా పాడుతున్నారయ్యా అని. తరవాత తెర వైపు వేలు చూపించి, బాబు పాడుతుంటే ఈ పిల్ల ఎంత చక్కగా మూతి కదుపుతోందో చూడండని తన భాషలో అందరికీ చెప్పింది. ఆంటీ చెంగు నోట్లో కుక్కుకుంది. నేను పెదవి కొరుక్కున్నాను. వింటున్నవాళ్ళలో టీవీ చూడనిది అమ్మ ఒక్కర్తే. అమ్మ నాన్నగారినే చూస్తోంది.

పదం అరగంటతో అయిపోలేదు. పాటలన్నీ వెళ్ళిపోయి వార్తలు వచ్చాయి. ఆఖరి చరణానికి, వార్తలు చదివే ఆవిడ చాలా గంభీరంగా మూతి కదిపింది.

నాన్నగారు కళ్ళు తెరిచారు. ఆంటీ లోపలికి వెళ్ళి స్టీలు పళ్ళెం తెచ్చింది. మేం తెచ్చిన ఆకులూ వక్కలూ అందులోకి మార్చింది. "ఆకులు మీవే, పళ్ళెం మాదండి," అంటూ వాటి పక్కన ఒక కమలాపండూ, తను పిండితో వండిన గులాబీపువ్వులు నాలుగూ పెట్టింది. ఆయన ముందు పట్టుకుని నిలబడింది.

నాన్నగారు లేచారు. కండువా భుజం మీంచి తీసి నడుముకి చుట్టుకున్నారు. మా హాలులో పాడినవాళ్ళు అలాగే చేసేవారట. రెండు చేతులూ చాపారు. ఆయన చెయ్యి కింద ఉండగా చూడడం నాకు అదే మొదలు. చెయ్యి కిందకి వెళ్ళింది కానీ వెన్ను వంగలేదు. అది నేను కళ్ళారా చూశాను. ఎవరైనా మా గురించి ఇంకోలా చెబితే నమ్మకండి.

"పుచ్చుకోవడం ఇంత కష్టమని గార్డుగారు ఇన్నాళ్ళూ చెప్పలేదేమమ్మా?" అన్నారు.

"మీరు శ్రుతి తప్పిందంటుంటే ఆయనకి టైమెక్కడుందండీ చెప్పడానికి?"

అప్పుడు అందరం పడీపడీ నవ్వాం. నాన్నగారు కూడా. మర్నాడు అంకుల్ డ్యూటీ దిగి వచ్చి, "నేను లేకుండా చూసి పెట్టేరండి కచేరీ! అన్యాయం!" అని వాకిట్లో నిలబడి గోల చేశాడు. పైవారం నుంచి ఒక బుధవారం ఆయన పాడితే, ఒక బుధవారం నాన్నగారు పాడారు. ఆ పళ్ళేలు రెండూ ఆ వాటా నుంచి ఈ వాటాకీ, ఈ వాటా నుంచి ఆ వాటాకీ తిరుగుతూనే ఉన్నాయి, వాళ్ళకి బదిలీ అయ్యేదాకా.

తరవాత రాయపూర్‌కి కేబుల్ వచ్చింది. పగలూ రాత్రీ పాటలే వేసే చానళ్ళు వచ్చాయి. జుట్టుకి రంగేసుకున్న పిల్లలు పాటకీ పాటకీ మధ్య గడగడా మాట్లాడేవారు. మాకూ టీవీ వచ్చింది, నిజమైన రంగులతో. నేను అన్నీ చూశాను, ఇష్టంగానే చూశాను, వీపు ఆనించకుండా చూశాను. ఒక మధ్యాహ్నం అందులో ఆ మంచుకొండల పాట వచ్చింది. ఆ అమ్మాయి చీర పసుపుపచ్చ అని అప్పుడు తెలిసింది. ఆ పాటని బొమ్మతో సహా వినడం నాకు అదే మొదటిసారి. కాసేపు విన్నాను. ఏదో తప్పు జరిగినట్టు, ఎవరో ఆ అమ్మాయి నోట్లో వేరే పాట పెట్టినట్టు అనిపించింది.

రిమోట్ తీసుకుని శబ్దం తగ్గించేశాను. లోపల గదిలో ఉన్న నాన్నగారికి వినిపించేలా పిలిచాను. "నాన్నగారూ, ఆ అమ్మాయి వచ్చింది. మీ కోసం చూస్తోంది."

"స్టెబిలైజర్ ఉందా?" అని అడిగారు ఆయన, కండువా వెతుక్కుంటూ.